పైన పటారం, లోన లొటారం: జాక్ పిన్నుల పురాణం

"జాక్ పిన్ను ఏదైతేనేం మాస్టారూ, రెండు చుక్కలు టంకం వేస్తే అన్నీ ఒకేలా పలుకుతాయి" అనేది ఒక పక్షం. "బంగారు పూత ఉన్నది కొనండి, ఇక జన్మలో దాని జోలికి పోనక్కరలేదు" అనేది రెండో పక్షం. "ఇంట్లో కూర్చుని తీగలు కట్టుకోవడమేమిటి, పోతపోసిన తీగ ఒకటి బజారులో కొనుక్కోక" అనేది మూడో పక్షం. మాండొలిన్‌కో, గిటారుకో, కీబోర్డుకో కావలసిన తీగను స్వయంగా కట్టుకుందామనుకునే పిల్లవాడికి ఈ మూడు ఉపదేశాలే దొరుకుతున్నాయి. మూడింటినీ ఖండించడానికే ఈ టపా.

శాస్త్రచర్చలో పూర్వపక్షం ముందు, సిద్ధాంతం తరువాత రావడం మర్యాద. ఆ మర్యాదను ఇవాళ్టికి పక్కన పెట్టి నా సిద్ధాంతం ముందే చెప్పేస్తాను. జాక్ పిన్నులో చూడవలసినది మెరుపు కాదు, పట్టు. తీగను ఎవరైనా లాగినప్పుడు ఆ లాగుడును పిన్ను తన ఒంటితో ఆపుతుందా, లేక లోపలి టంకపు అతుకు మీదికి నెట్టివేస్తుందా అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని పిన్ను ఎంత మెరిసినా కొనదగినది కాదు. మరమ్మతుకు విప్పడానికి వీలులేని పిన్ను అసలే కొనదగినది కాదు.

తెలుగు పండితుడికి జాక్ పిన్నుతో ఏం పనని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మా రోజుల్లో ఉన్నత పాఠశాలలో వార్షికోత్సవం జరిగితే మైకుసెట్టు బాధ్యత తెలుగు మాస్టారిదే. పద్యం చదివేవాడికి మైకు మర్మం కూడా తెలిసే ఉంటుందని ప్రధానోపాధ్యాయుల విశ్వాసం. ఆ విశ్వాసాన్ని నిలబెట్టుకోవడానికి టంకం కడ్డీ పట్టాను. ఉద్యోగ విరమణ తరువాత కూడా అది చేతిని వదలలేదు. మా పూర్వ విద్యార్థులు ఇప్పటికీ తెగిన తీగలు సంచిలో వేసుకుని వస్తూనే ఉంటారు.

ఇక అసలు విషయం. "ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెత మనందరికీ తెలుసు. చేతకానివాడు పనిముట్టును నిందిస్తాడని దాని తాత్పర్యం. కానీ మద్దెల నిజంగానే ఓడైనప్పుడు ఆడేవాడి గతి ఏమిటి? ఆ సంగతి ఈ సామెత చెప్పదు. కొన్నేళ్ళ క్రితం మా వీధి రామాలయంలో శ్రీరామనవమి నాడు నా పూర్వ విద్యార్థి ఒకడు విద్యుత్ మాండొలిన్ వాయించాడు. మూడో కీర్తన సగంలో గరగర మొదలైంది. వాడు చేయి కదిపితే శబ్దం పోతుంది, మళ్ళీ కదిపితే వస్తుంది. ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన సరిగ్గా ఈ సామెతే అందరికీ వినిపించేలా అన్నాడు. పిల్లవాడు తల వంచుకుని దిగిపోయాడు. మరునాడు ఆ పిన్ను విప్పి చూశాను. తీగ పైతొడుగును పట్టుకునే ఏర్పాటే అందులో లేదు. తీగ బరువంతా వెంట్రుక వంటి నాలుగు రాగిపోచల మీద వేలాడుతూ ఉంది. వాటిలో మూడు తెగిపోయాయి. పిల్లవాడు వాయించినంతసేపూ మిగిలిన ఒక్క పోచే వాడి విద్వత్తును మోసిందన్నమాట! నింద మాత్రం వాడికి వచ్చింది. ఆ పిన్ను అమ్మినవాడి పేరు ఎవరూ ఎత్తలేదు. నా కోపానికి కారణం ఇదే. ఇది చిల్లర సామాను గొడవ కాదు, మర్యాదకు సంబంధించిన విషయం.

విద్యుత్ వాద్యంలో తీగకు ఎంత ప్రాముఖ్యం ఉందో ఒకసారి తలచుకోండి. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించి, 2014లో మనలను విడిచి వెళ్ళేనాటికి ఆ వాద్యానికి కచేరీ వేదిక మీద సుస్థిర స్థానం సంపాదించిపెట్టారు. వీణకు కుండ ఉంది. మైకు లేకపోయినా పది మందికి వినిపిస్తుంది. గట్టి చెక్కతో చేసిన విద్యుత్ మాండొలిన్‌కు ఆ కుండ లేదు. తంత్రి కదలికను అయస్కాంతపు పికప్ అతి స్వల్పమైన విద్యుత్తుగా మారుస్తుంది. ఆ స్వల్పమైన విద్యుత్తే యాంప్లిఫయరు దాకా నడిచి వెళ్ళాలి. అది నడిచే దారి ఒకటే తీగ, ఆ తీగకు రెండు కొసలు, రెండు కొసలకు రెండు పిన్నులు. ఎంతటి గమకమైనా ఆ ఇరుకు సందులో నుంచే రావాలి.

పేర్ల సంగతి కొంచెం తేల్చుకుందాం. మన బజారులో ఈ లావు పిన్నును 'పి-38' అంటారు. చెవిలో పెట్టుకునే ఫోన్లకు ఉండే సన్నదాన్ని 'ఇ.పి. పిన్ను' అంటారు. లావుదాని వ్యాసం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు, సన్నదానిది 3.5 మిల్లీమీటర్లు. ఇంగ్లీషు గ్రంథాల ప్రకారం 'జాక్' అనేది పెట్టెకు ఉన్న రంధ్రం పేరు, అందులో దూరేది 'ప్లగ్గు'. మన వాడుకలో రెండూ ఒకటైపోయాయి. వాడుకను కాదనే అధికారం పండితులకు కూడా లేదు గనుక నేనూ దూరేదానిని జాక్ పిన్ను అనీ, రంధ్రాన్ని సాకెట్టు అనీ అంటాను.

ఈ పిన్ను సంగీతం కోసం పుట్టినది కాదు. 19వ శతాబ్దం చివరి పాదంలో, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు ఒక చందాదారుని తీగను మరొకరికి కలపడం కోసం పుట్టింది. చార్లెస్ స్క్రిబ్నర్ అనే అమెరికా ఇంజనీరు చేసిన స్విచ్చు మడతకత్తిని పోలి ఉండేదనీ, మడతకత్తిని అక్కడ 'జాక్‌నైఫ్' అంటారు గనుక జాక్ అన్న పేరు స్థిరపడిందనీ చెబుతారు. మనకు కావలసినది ఏమిటంటే, ఇది రోజంతా గుచ్చుతూ పీకుతూ ఉండడానికే పుట్టిన వస్తువు. వంద సంవత్సరాలకు పైగా అదే రూపంలో నిలిచిన వస్తువు. కనుక "జాక్ పిన్నులంటేనే అంత, అవి పోతూనే ఉంటాయి" అనే నిర్వేదం అర్థంలేనిది. రూపకల్పనలో దోషం లేదు. దోషమంతా తయారుచేసేవాడి పిసినారితనంలోనూ, కొనేవాడి ఉదాసీనతలోనూ ఉంది.

పిన్నును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. చివర గుండ్రని కొన, దాని వెనుక నడుము, ఆపైన నల్లని గీత, ఆ తరువాత పొడవాటి ఒర. కొన సంకేతాన్ని మోస్తుంది. ఒర తీగలోని అల్లిక కవచానికి కలుస్తుంది. ఈ రెండింటినీ వేరుచేసేది ఆ నల్లని గీత. గీత ఒకటే ఉంటే మోనో, రెండు ఉంటే స్టీరియో. మాండొలిన్‌కూ గిటారుకూ కావలసినది సామాన్యంగా మోనోయే. కొన నుంచి ఒక సన్నని కడ్డీ ఒర మధ్యగా వెనక్కి వచ్చి టంకం వేసే రేకుకు చేరుతుంది. ఇదంతా తిరిపి బిగించే గొట్టం లోపల దాగి ఉంటుంది. మోసమంతా జరిగేది కూడా ఆ గొట్టం లోపలే.

ఇక మొదటి పక్షం వారికి, అంటే "ఏదైతేనేం" అనేవారికి సమాధానం.

నాసిరకం పిన్నులో వచ్చే జబ్బులు అయిదు. మొదటిది, కొన నుంచి వచ్చే కడ్డీని వెనుక రేకుకు రివిట్టు కొట్టి బిగించడంలో లోపం. ఆ రివిట్టు వదులైతే టంకం ఎంత బాగా వేసినా ప్రయోజనం లేదు, అతుకుకు ముందే బంధం తెగిపోయింది గనుక. కొనను రెండు వేళ్ళతో పట్టి తిప్పి చూడండి. కొంచెమైనా తిరిగితే అక్కడే దుకాణదారుకు నమస్కరించి ఇచ్చేయండి. రెండవది, కొననూ ఒరనూ వేరుచేసే ప్లాస్టిక్కు టంకపు వేడికి మెత్తబడి కొన పక్కకు వాలడం. మూడవది, గొట్టం లోపల ఉండవలసిన ప్లాస్టిక్ తొడుగు లేకపోవడం. అది లేకపోతే కొన తాలూకు రేకు గొట్టానికి తగిలి శబ్దం మొత్తం ఆరిపోతుంది. నాలుగవది, గొట్టం మరలు లోతుగా లేక, వాయిస్తూ ఉండగానే దానంతట అది విడిపోవడం. అయిదవది అన్నిటికంటె ఘోరం. తీగ పైతొడుగును పట్టుకునే పట్టు లేకపోవడం, లేదా ఉన్నా పేరుకు రెండు పల్చని రేకులుగా మాత్రమే ఉండడం.

ఈ అయిదవదాని గురించి కొంచెం ఆగి చెప్పాలి. వేదిక మీద తీగను ఎవరో ఒకరు తొక్కుతారు, ఎవరి కాలికో ఒకరికి తగులుతుంది. ఆ లాగుడు ఎటో ఒకటు పోవాలి కదా. మంచి పిన్నులో అది పైతొడుగు నుంచి పట్టుకు, పట్టు నుంచి పిన్ను ఒంటికి, అక్కడినుంచి సాకెట్టుకు పోతుంది. లోపలి అతుకుకు ఆ కబురే తెలియదు. చెడ్డ పిన్నులో లాగుడంతా అతుకు మీదికే పోతుంది. అతుకు పని సంకేతాన్ని దాటించడం, అంతే. బరువు మోయడం దాని పని కాదు. ఈ రెండు పనులనూ ఒకదాని నెత్తిన పెట్టిన పిన్ను ఎప్పుడో ఒకప్పుడు సభలో పరువు తీస్తుంది.

"రెండు చుక్కలు టంకం వేస్తే" అనేవారు ఇంకొక సంగతి కూడా మరచిపోతారు. తెగేది సామాన్యంగా టంకపు చుక్క కాదు, చుక్క అంచున ఉన్న రాగిపోచ. టంకం పీల్చుకున్న పోచలు బిరుసెక్కుతాయి. పీల్చుకోని పోచలు మెత్తగా ఉంటాయి. బిరుసూ మెత్తనా కలిసే ఆ అంచున తీగ వంగి వంగి ఒక్కొక్క పోచే తెగుతుంది. ఇంకో రెండు చుక్కలు వేస్తే ఆ అంచు కొంచెం వెనక్కి జరుగుతుందే తప్ప రోగం కుదరదు. దీనికి ఉన్న మందు ఒకటే: అక్కడ తీగ వంగకుండా పట్టుకోవడం.

రెండో పక్షం వారు స్వర్ణభక్తులు. వీరిది భక్తి గనుక ఖండించడం కొంచెం కష్టం. బంగారానికి తుప్పు పట్టదు, చిలుము పట్టదు, నిజమే. మచిలీపట్నం, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇత్తడి మీద నికెల్ పూత పల్చగా ఉన్న పిన్నుకు పచ్చని చిలుము పట్టడం అందరికీ తెలిసినదే. అంతవరకు వారి మాటను ఒప్పుకుంటాను. కానీ పిన్నుకు వేసే బంగారు పూత మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు కూడా చాలనంత పల్చన. బంగారం మెత్తని లోహం. సాకెట్టులోని గట్టి నికెల్ పూత బద్ద దాన్ని గుచ్చినప్పుడల్లా పీకినప్పుడల్లా గీరుతూ ఉంటుంది. రోజూ వాడే తీగకు ఆ బంగారం ఎన్నాళ్ళు నిలుస్తుంది? పిన్నుకూ సాకెట్టుకూ రెంటికీ బంగారు పూత ఉండి, మాటిమాటికీ పీకని చోట, ఉదాహరణకు ఒకసారి బిగించి వదిలేసే స్టూడియో అమరికలో, అది పనికివస్తుంది. రోజూ భుజాన వేసుకుని తిరిగే వాద్యగాడికి గట్టి నికెల్ పూత ఉన్న ఇత్తడి పిన్నే మేలు. మసక బారితే పొడి గుడ్డతో తుడిస్తే సరి.

అంతకంటె పెద్ద మోసం మరొకటి ఉంది. బంగారు రంగును చూసి లోపలి నాణ్యతను ఊహించుకోవడం. బజారులో పసుపుపచ్చగా ధగధగలాడే పిన్నులు చాలావాటికి లోపల పైన చెప్పిన అయిదు జబ్బులూ ఉంటాయి. కొన్నిటి ఒళ్ళు ఇత్తడి కూడా కాదు, ఇనుము. ఒక చిన్న అయస్కాంతం జేబులో వేసుకు వెళ్ళండి. గట్టిగా పట్టుకుంటే అది ఇనుము. ఇత్తడి మీద పల్చని నికెల్ పూత ఉన్నది అయస్కాంతానికి దాదాపుగా లొంగదు. పైన పటారం లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

మూడో పక్షం వారు పోతపోసిన తీగలవారు. వీరి వాదంలో కొంత బలం ఉంది, దాన్ని దాచను. మంచి సంస్థ పోతపోసిన పిన్నులో తేమ దూరదు, మరలు విడిపోవు, తీగకు మెడ దగ్గర మెత్తని ఊత ఉంటుంది. కొన్ని తీగలు ఏళ్ళ తరబడి నడుస్తాయి కూడా. అయితే తీగ ఎక్కడ పోతుంది? పదింట తొమ్మిదిసార్లు ఆ మెడ దగ్గరే పోతుంది. పోయిననాడు ఏం చేస్తారు? విప్పలేరు, చూడలేరు, అతకలేరు. అయిదు మీటర్ల మంచి తీగను అరంగుళం లోపం కోసం చెత్తబుట్టలో వేయాలి. వ్యాకరణంలో సంధి చేసిన పదాన్ని విడదీసి చూపగలిగినవాడికే ఆ సంధి తెలిసినట్లు లెక్క. విడదీయడానికి వీలులేని అతుకును నేను నమ్మను.

ఇంట్లో అటువంటి చచ్చిన తీగలు ఉన్నవారికి ఒక మాట. వాటిని పారెయ్యకండి. పోతపోసిన తలను మెడకు రెండు మూడు అంగుళాల కిందుగా కోసి, విప్పడానికి వీలున్న మంచి పిన్ను వేయండి. తీగ బాగున్నంత కాలం అది మళ్ళీ పలుకుతుంది. కోసేముందు అది అల్లిక కవచం ఉన్న వాద్యపు తీగేనని రూఢి చేసుకోండి. స్పీకరు తీగలకు కూడా ఇవే పిన్నులు ఉంటాయి కానీ వాటి లోపల కవచం ఉండదు, రెండు లావు తీగలు ఉంటాయి. దానిని వాద్యానికి వేస్తే బుర్రుమనే రొద తప్పదు. వాద్యపు తీగను స్పీకరుకు వేస్తే సన్నని లోతీగ వేడెక్కుతుంది. పిన్ను ఒకటే కదా అని తీగలను కలిపివేయరాదు.

అయితే ఏది కొనాలి? నియమాలు చెబుతాను.

ఒకటి. గొట్టం విప్పి లోపల చూపించమనండి. చూపించనివాడి దగ్గర కొనకండి.

రెండు. తీగను పట్టే ఏర్పాటు ఎలా ఉందో చూడండి. గొట్టాన్ని బిగించినకొద్దీ తీగ చుట్టూ నలువైపులా బిగుసుకునే పట్టు ఉత్తమం. మందపాటి రేకులను పటకారుతో తీగ మీదికి వంచి నొక్కేది మధ్యమం. తీగ బయటికి వచ్చే చోట ఒట్టి స్ప్రింగు చుట్టి వదిలేసినది అధమం. ఆ స్ప్రింగు చూడటానికే తప్ప తీగను పట్టుకోదు.

మూడు. మీ తీగ లావుకు ఆ పట్టు సరిపోవాలి. వాద్యపు తీగలు సామాన్యంగా ఆరు, ఏడు మిల్లీమీటర్ల లావు ఉంటాయి. తీగను వెంట తీసుకువెళ్ళి దూర్చి చూడండి. సన్నని తీగను పెద్ద పట్టులో పెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టి సరిపెట్టడం పుండు మీద పట్టీ వేసి నడవమనడమే.

నాలుగు. కొన తిరగకూడదు, ఊగకూడదు. కొనా కడ్డీ ఒకే లోహపు ముక్కతో తరణి పట్టినవైతే మరీ మంచిది. అక్కడ రివిట్టు అనే బలహీనతే ఉండదు.

అయిదు. కొన ఆకారం సరైనదై ఉండాలి. సాకెట్టులోని బద్ద ఆ కొన వెనుక నడుములో 'టిక్కు'మని కూర్చోవాలి. పాత సామాను అంగళ్ళలో టెలిఫోన్ వాడుకకు చేసిన బ్రిటిష్ పద్ధతి పిన్నులు కనిపిస్తుంటాయి. వాటి లావు కూడా 6.35 మిల్లీమీటర్లే, చాలా గట్టివి కూడా. కానీ వాటి కొన తీరు వేరు. వాద్యపు సాకెట్టులో కుదురుగా కూర్చోవు. గట్టిగా ఉన్నాయి కదా అని మోసపోవద్దు.

ఈ నియమాలకు నిలిచేవాటిలో పేరుపొందినవి చెప్పమంటే చెబుతాను. లీక్టెన్‌స్టయిన్ దేశంలో 1975లో మొదలైన న్యూట్రిక్ సంస్థ వారి ఎన్.పి.2.ఎక్స్ అనే మోనో పిన్నులో నలువైపులా బిగుసుకునే పట్టు ఉంది. నాలుగు నుంచి ఏడు మిల్లీమీటర్ల లావు తీగలను పట్టుకుంటుంది; కొనలో రివిట్టు లేదు. అమెరికాలోని చికాగోలో 1946లో మొదలైన స్విచ్‌క్రాఫ్ట్ వారి 280 అనేది పాతకాలపు పద్ధతిది. రేకులు వంచి నొక్కాలి. పటకారు పట్టడం తెలిసినవాడి చేతిలో అది చాలా కాలం నిలుస్తుంది. న్యూట్రిక్ వారిదే రీన్ అనే చవక శ్రేణి కూడా ఉంది. కొత్తగా చేయి తిప్పేవారికి అది చాలు. వీటన్నిటి పేర్లతోనూ నకిలీలు రావచ్చు. అందుకే పేరు చూసి ఆగిపోకుండా పైన చెప్పిన అయిదు పరీక్షలూ చేయమంటున్నాను. పేరు అబద్ధమాడవచ్చు, విప్పి చూసిన పిన్ను అబద్ధమాడలేదు.

మంచి పిన్ను కొని చెడ్డ టంకం వేస్తే మళ్ళీ మొదటికే వస్తాం గనుక ఆ సంగతీ రెండు ముక్కల్లో. తగరం 63 పాళ్ళు, సీసం 37 పాళ్ళు ఉన్న టంకపు తీగ 183 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గడ్డకడుతుంది. మధ్యలో జావలా ఉండే దశ ఉండదు గనుక చేయి వణికినా అతుకు చెడే అవకాశం తక్కువ. గొట్టాన్నీ, ప్లాస్టిక్ తొడుగునూ తీగకు ముందే ఎక్కించండి. అతికిన తరువాత "అయ్యో గొట్టం!" అనుకోనివాడు మా వాళ్ళలో ఒక్కడూ లేడు. పిన్నును ఏదైనా పాత సాకెట్టులో గుచ్చి ఉంచి టంకం వేస్తే వేడిలో కొన వాలకుండా ఉంటుంది. కొన్ని వాద్యపు తీగల్లో లోతీగ తొడుగు మీద నల్లని పల్చని పొర ఒకటి ఉంటుంది. అది ప్లాస్టిక్కులా కనిపిస్తుంది గానీ విద్యుత్తును పోనిస్తుంది. తీగ కదిలినప్పుడు పుట్టే శబ్దాన్ని తగ్గించడానికి వేస్తారు. దానిని కొంచెం వెనక్కి ఒలిచివేయాలి. అది లోతీగకు తగిలితే శబ్దం నీరసపడిపోతుంది, కారణం అంతుపట్టదు. పని అయ్యాక మల్టీమీటరుతో కొన నుంచి కొనకు, ఒర నుంచి ఒరకు దారి ఉందనీ, కొనకూ ఒరకూ మధ్య దారి లేదనీ పరీక్షించండి. పరీక్షించేటప్పుడు తీగను మెడ దగ్గర అటూ ఇటూ వంచి చూడండి. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా అన్నం తినకండి.

"పిండి కొద్దీ రొట్టె కదా మాస్టారూ, అంత ఖరీదు పిన్నులు మేమెక్కడ కొంటాం?" అని నా విద్యార్థులే అడుగుతారు. అన్నిటికంటె గౌరవించవలసిన పూర్వపక్షం ఇదే. నాసి పిన్ను పదుల రూపాయల్లో దొరుకుతుంది. మంచిది వందల్లో ఉంటుంది. తీగకు రెండు కావాలి. బీద పిల్లవాడికి అది చిన్న మొత్తం కాదు, ఒప్పుకుంటాను. కానీ వాడు ఏడాదికి నాలుగు నాసి పిన్నులు మార్చడం నేను చూస్తూనే ఉన్నాను. లోభికి ఖర్చెక్కువ అన్నది లోభుల గురించి పుట్టిన మాట. లేనివాడి చేత ఆ తిప్పలు పడేలా చేస్తున్నది మాత్రం నాసి సరుకు. మంచి పిన్ను తీగ పోయినా పోదు. పాత తీగ నుంచి విప్పి కొత్త తీగకు వేసుకోవచ్చు. మూడు చెడ్డ తీగల బదులు ఒక్క మంచి తీగ కట్టుకోండి. ఆరు మీటర్ల బదులు మూడు మీటర్లు కట్టుకోండి. తీగ మీటరుకు సుమారు వంద పికోఫారడ్ల విద్యుద్ధారణ ఉంటుంది గనుక, పొట్టి తీగలో అయస్కాంతపు పికప్ తాలూకు పైస్వరాల స్ఫుటత్వం కూడా బాగా దక్కుతుంది. డబ్బు ఆదా, నాదం ఆదా.

"ఇప్పుడు తీగలే లేని పరికరాలు వచ్చాయి, ఇంకా ఈ పురాణం ఎందుకు?" అనేవారూ ఉన్నారు. ఆ పరికరాన్ని మాండొలిన్‌కు దేనితో తగిలిస్తారో ఒకసారి చూడండి. అక్కడా ఇదే పిన్ను. తీగ పోయింది గానీ పిన్ను పోలేదు.

చివరగా, సభలో ముందు వరుసలో కూర్చునే పెద్దలకు ఒక విన్నపం. వాయించే పిల్లవాడి శబ్దం గరగరలాడితే సామెత చెప్పడానికి తొందరపడకండి. లేచి వెళ్ళి ఆ పిన్నును విప్పించి చూడండి. మద్దెల ఓడో కాదో చూశాకే ఆటను గురించి మాట్లాడదాం. మైకుసెట్టు అద్దెకిచ్చేవారు, బడుల్లో సంగీత పరికరాలు కొనేవారు, పిల్లలకు మొదటి తీగ కట్టి ఇచ్చే అన్నయ్యలు కూడా పిన్ను కొనేముందు గొట్టం విప్పి చూడండి. ఆ అరనిమిషం మీరు వెచ్చిస్తే పిల్లవాడు మధ్యలో తల వంచుకుని దిగిపోవలసిన అవసరం రాదు.

స్వర్ణభక్తులైన మిత్రులు నా మీద కోపగించుకోకుండా తమ వాదం వినిపించాలని కోరుతున్నాను. అయితే రాసేముందు మీ బంగారు పిన్నును ఒకసారి విప్పి, లోపల తీగను ఏది పట్టుకుని ఉందో చూసి మరీ రాయండి.

స్వస్తి.